పచ్చదారం బీడీ

ఐదూ పద్దెనిమిది. మసీదులో బాంగు ఆరూ ఎనిమిదికి, ఉపవాసం విడిచేది అప్పుడే. ఇంకా యాభై నిమిషాలు నేలమీద పరిచిన ఈ ప్లాస్టిక్ సుఫ్రా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఎదురుగా జిలానీ, వాడు నా మొహం చూడడు, నాకేమో వాడి మొహం చూసే ధైర్యం లేదు. మధ్యలో ఖర్జూరాల పళ్ళెం, మజ్జిగ సీసాలు, ఇంకా మూత తీయని సమోసాల గిన్నె. రోజూ అయితే బాంగుకు పది నిమిషాల ముందు చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేవాళ్ళం. ఇవాళ అబూ ఫహద్ ఐదింటికే తోటలో పని ఆపించి అందర్నీ పిలిపించాడు. అరవై దాటిన మనిషి, ఈ ఖర్జూరం తోటకు యజమాని, మాకందరికీ వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీలు, గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. జేబులోంచి టిష్యూ కాగితం తీసి విప్పాడు. లోపల కాలిన బీడీ ముక్క, దానికి పచ్చదారం. మోటారు గది వెనక, ఎండుమట్టల కుప్ప పక్కన దొరికిందట, పొద్దున ఊడ్పించినప్పుడు లేదట. ఏదో అన్నాడు అరబ్బీలో, నెమ్మదిగా. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. నాకు అరబ్బీ విప్పి చెప్పేది ఎప్పుడూ జిలానీయే కదా, ఇవాళా వాడే చెప్పాడు, నేలచూపులు చూస్తూ. "రోజాల నెలలో పగటిపూట తోటలో ఎవురో బీడీ తాగినారంట. తాగినోడు వాడంతట వాడే చెప్పల్లంట. బాంగు దంకా టైమిస్తాండాడు. ఎవురూ చెప్పకపోతే ఆయన మనసులో ఉండేవాడే అనుకుంటాడంట." అంతే. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు. ఆ బీడీ ఎవరిదో వాడికి తెలుసు. ఆ పచ్చదారం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో కూడా తెలుసు.

ఆయన మనసులో ఉన్నది జిలానీ. ఎందుకుండడు? ఈ తోటలో మొత్తం ఐదుగురం. ఈజిప్టు నుంచి వచ్చిన ఇద్దరు మిస్రీలు, ట్రాక్టరు నడిపే పఠాన్ చాచా, వాళ్ళంతా సిగరెట్టు మనుషులు. బీడీ అంటే మేమిద్దరం ఇండియా వాళ్ళమే. పోయినేడు పండగనాడు జిలానీ బీడీ కాలుస్తుంటే అబూ ఫహద్ చూశాడు, ఇదేం ఆకు కంపురా అని ముక్కు మూసుకుని నవ్వాడు కూడా. నేను కాలుస్తుంటే చూసి నాలుగేళ్ళయింది, పైగా నా మాట మీద ఆయనకు నమ్మకం, నా మీదికి అనుమానం పోదు. "ఇంత్?" అన్నాడు ఇందాక జిలానీ వైపు తిరిగి. నువ్వా అని. "అనా సాయిమ్" అన్నాడు జిలానీ. నేను రోజా ఉన్నాను అని. మరెవరు అంటే తల వంచుకున్నాడు. నాకు తెలియదు అనరాదా! ఒక్క మాట, నోట్లోంచి అలా ఊడిపడిపోతే సరిపోయేది. అనడు. రోజా ఉండి అబద్ధమాడితే పొద్దంతా కడుపు మాడ్చుకున్నదంతా నీళ్ళపాలే అని వాడే నాకు చెప్పాడు, ఒకసారి కాదు పదిసార్లు. పోనీ వేలు పెట్టి నన్ను చూపించరాదా! అదీ చేయడు. అబద్ధమూ ఆడక, నిజమూ చెప్పక, గోడకు కొట్టిన మేకులా కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే వాడి కొంప ముంచింది. అబూ ఫహద్ గడ్డం నిమురుకుని "ఉమ్రా" అన్నాడు, "బాదేన్" అన్నాడు. ఆ రెండు మాటలు నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మక్కా సంగతి తర్వాత చూద్దాం అని. ఎల్లుండి రాయచోటి నుంచి జిలానీ వాళ్ళమ్మ ఖాసింబీ జిద్దాలో దిగుతోంది. మోకాళ్ళు పనిచేయని మనిషి. తన ఇంటివాళ్ళతో పాటు కార్లో మక్కాకు తీసుకుపోతానని, చక్రాల కుర్చీ తానే చూస్తానని అబూ ఫహద్ మాటిచ్చాడు. వారం కిందట ఆమె ఫోన్లో నాతో కూడా మాట్లాడింది. "లింబాద్రీ, ఆడ నీ కోసరం ఏం దువా చేయాల నాయనా? నీ పెండ్లానికి దగ్గు పోవల్లని అడుగుతాలే" అంది. నేను అడగకుండానే అంది. అయ్యో, ఆ మాట ఇప్పుడెందుకు గుర్తుకు రావాలి నాకు?

ఐదూ ఇరవై ఏడు. ఎవరో మిస్రీ ఆవులించాడు. మోటారు ఆపేశారు కాబట్టి తోటంతా చప్పుడు లేదు, చెట్ల పైన గువ్వలు తప్ప. నాలుక పిడచగట్టుకుపోయింది, నేను రోజా లేను, మధ్యాహ్నం కడుపునిండా నీళ్ళు తాగాను, అయినా పిడచగట్టుకుపోయింది. అసలు మోటారు గది వెనక్కి ఎందుకు పోయాను? గదిలో తాగమని అబూ ఫహద్ మొదటి ఏడే చెప్పాడు. తలుపేసుకుని తిను, తాగు, పొగ పీల్చుకో, నీ మతం నీది, బయట మాత్రం వద్దు, ఆకలితో ఉన్నవాళ్ళ కళ్ళముందు వద్దు. ఇంతకన్నా మంచి మాట ఏ యజమాని చెబుతాడు? కానీ గదిలో జిలానీ పడుకుని ఉన్నాడు. చీకటితోనే సహరీ తిండికి లేచి, తెల్లవారే బురైదా మార్కెట్టుకు బండి తోలి వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడికి ఆకలి లెక్కలేదు, దాహం లెక్కలేదు, బీడీ ఒక్కటే లెక్క. మధ్యాహ్నమయ్యేసరికి వేళ్ళు వణుకుతాయి వాడికి. ఆ గదిలో వాడి నెత్తిమీద పొగ వదలడానికి నాకు చేతులెలా వస్తాయి? వాడి మంచికే కదా బయటికి పోయాను, వాడి ముక్కుకు సోకకూడదనే కదా! వాడి మంచికి పోయి వాడి మెడకే చుట్టాను. థూ, నా బుద్ధి తగలెయ్య.

అది కూడా సగమే నిజం లింబాద్రీ, పూర్తి నిజం చెప్పుకో, ఇక్కడ వినేవాడెవడూ లేడు. పగలు తాగనని మాటిచ్చింది ఎవరు? నువ్వే. ఈ నెల మొదటి రోజున ఇదే సుఫ్రా దగ్గర జిలానీని పక్కన పెట్టుకుని అబూ ఫహద్‌కు చెప్పించావు, గదిలో కూడా తాగను, మీ అందరి లాగే పొద్దుగూకేదాకా ఆగుతాను అని. ఆయన అడిగాడా? లేదు. ఎవరన్నా అడిగారా? లేదు. గొప్పకు పోయావు. ఆయన లేచి ఛాతీమీద చెయ్యి వేసుకుని, చూడండిరా ఈ మనిషిని అని మిస్రీలకు, చాచాకు చూపించాడు. ఆ పూట నా ఒళ్ళు ఎంత పొంగిపోయిందో. ఇది మాకు కొత్త మర్యాద కాదు కదా. మా ఊళ్ళో మామ ఎదురొస్తే కాలుతున్న బీడీని పిడికిట్లో దాచేవాణ్ణి, అరచెయ్యి చురుక్కుమన్నా సరే నవ్వుతూ నమస్తే పెట్టేవాణ్ణి. ఇక్కడికొచ్చిన కొత్తలో మాత్రం తెలియలేదు. చెట్టుమీంచి దిగి మోకు ఇంకా విప్పకుండానే బీడీ వెలిగించాను, అప్పుడే అబూ ఫహద్ ముసలితల్లి కారు దిగింది. ఆయన ఏమీ అనలేదు, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చాలు నాకు, మళ్ళీ ఆయన కంటికి బీడీతో కనబడలేదు. తాతల నాటినుంచి ఈతచెట్లెక్కిన గౌండ్ల ఇల్లు మాది. ఇక్కడి ఖర్జూరం చెట్టు మా ఈతకు పెద్దన్న, కల్లు ఇవ్వదు, అంతే తేడా. మగచెట్టు పూలరెమ్మలు తెచ్చి ఆడచెట్టు గెలలో కట్టే ఈ పనిలో నా అంత వేగంగా ఎక్కేవాడు ఈ ఉనైజా ఊళ్ళోనే లేడని అబూ ఫహద్ తన చుట్టాలందరికీ చెబుతాడు. మంచి పేరు. ఆ మంచి పేరే ఇవాళ నా నోరు నొక్కుతోంది. లేకపోతే ఆ ముక్క చూపించగానే తల గోక్కుని నాదే సాబ్ అనేవాణ్ణి, నాలుగు తిట్లు తిని లేచిపోయేవాణ్ణి.

ఐదూ ముప్పై తొమ్మిది. పఠాన్ చాచా తస్బీ పూసలు తిప్పుతూ గొణుగుతున్నాడు, నాకు వినబడేలా, జిలానీకి ఇంకా బాగా వినబడేలా. "రోజేదార్ హోకే బీడీ... తౌబా, తౌబా." రోజా ఉండి బీడీయా అని. జిలానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను హిందువుని, నేను తాగితే మర్యాద తప్పినవాణ్ణి, వాడు తాగితే దేవుడి దగ్గర తప్పినవాడు, రెండింటికీ చుక్కకూ నేలకూ ఉన్నంత దూరం. ఆ తప్పు వాడి నెత్తిన పెట్టి నేను ఖర్జూరాల పళ్ళెంలో ఈగలు లెక్కపెడుతున్నాను. చెప్పేస్తే ఏమవుతుంది? ఎగ్జిట్ కొడతాడు, వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తాడు. కొట్టకపోవచ్చు కూడా. కొడితే? పొద్దున నా పెళ్ళాం ముత్యవ్వ ఫోన్ రాకముందైతే కొడితే కొట్టనీ అనుకునేవాణ్ణేమో. పొద్దున పదకొండున్నరకు చెట్టుమీద ఉండగా వచ్చింది ఫోను. "డాక్టరు ఛాతీ ఫోటో తీసిండు. తంబాకు దుమ్ము లోపట పట్టిందట. బీడీలు చేసుడు బందు పెట్టుమన్నడు. ఇగ చెయ్య. నీకు మొన్న పంపినయే ఆఖరియి, సూసుకొని తాగు" అంది. మధ్యలో రెండుసార్లు దగ్గింది, ఫోను దూరం పెట్టి దగ్గింది, అయినా వినబడింది. నేనేమన్నాను? మంచిదే అన్నాను. ఇరవై రెండేళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టిన మనిషితో మంచిదే అని ఫోను పెట్టేశాను. కంపెనీవి ఎర్రదారం, నాకోసం చేసేవి పచ్చదారం. కలిసిపోకుండా. దిగేటప్పుడు మోకు రెండుసార్లు జారింది. తిన్నగా మోటారు గది వెనక్కి పోయాను, బీడీల డబ్బాలోంచి ఒకటి తీశాను. మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాయి, నాలుగోది అంటుకుంది. సగం కాలింది. ఆమె రొమ్ములో దుమ్ము, నా నోట్లో పొగ. అప్పుడు మధ్యాహ్నపు జుహర్ బాంగు వినిపించింది, దొంగలా అదిరిపడి కింద పడేసి మడమతో నలిపాను, నిప్పు లేదని వంగి చూశాను, ఎండుమట్టలు పక్కనే ఉన్నాయి కదా, నిప్పు సంగతి చూశాను గానీ ముక్క తీసి జేబులో వేసుకోవాలని తోచలేదు. రోజూ రాత్రి తాగిన ముక్క తగరం డబ్బాలో వేసేవాణ్ణి. ఇవాళ తోచలేదు.

ఉద్యోగం పోతే ముత్యవ్వ మందుల గతేంటి? ఇదీ నిజమే, దీన్ని కాదనేవాడు లేడు. మరి ఖాసింబీ మోకాళ్ళ గతేంటి? ఎవరో అడుగుతున్నట్టే ఉంది లోపలినుంచి, అచ్చం ముత్యవ్వ గొంతే. ఈమెకు తెలిస్తే ఏమంటుంది? ఏమీ అనదు, చాట గోడకు ఆనించి లేచిపోతుంది. కోపం వస్తే ముత్యవ్వ అంతే చేస్తుంది. పోనీ బాంగు అయినాక, అందరూ నమాజుకు పోయినాక, అబూ ఫహద్‌ను పక్కకు పిలిచి చెబుతాను. ఆ ఇది బాగుంది. మిస్రీల ముందు పరువు ఉంటుంది, చాచా ముందు ఉంటుంది. ఓరి లింబాద్రీ, ఎవడి పరువురా? జిలానీ పరువు అందరి ముందూ పోయింది కదా, వాడికి చాటుగా తిరిగొస్తుందా? పైగా బాంగు దాకానే అన్నాడు పెద్దాయన. బాంగు కాగానే వాడు ఖర్జూరం నోట్లో వేసుకోవాలి, పొద్దున్నుంచి పట్టిన రోజా విడవాలి. దొంగ అన్న పేరుతో విడుస్తాడా? గొంతు దిగుతుందా వాడికి?

ఐదూ యాభై రెండు. కామెర్లు వచ్చి నేను పదహారు రోజులు పడుకుంటే, ఈ జిలానీయే కదా పొద్దున గంజి కాచి పెట్టింది. వంట రాదు వాడికి. గంజిలో ఉప్పు రెండుసార్లు వేసేవాడు, నేను మొహం చిట్లిస్తే "తాగప్పా, సావవు" అనేవాడు. ఈ నెల మొదటినుంచి మా ఇద్దరికీ ఒక అలవాటు. బాంగు కాగానే వాడు నమాజు ముగించి వస్తాడు, మోటారు గది వెనక నేను ఉంటాను, ఒకే బీడీ వెలిగిస్తాం. నువ్వు ముందు అంటాడు, నువ్వే ముందు అంటాను, పొద్దంతా ఆగింది వాడు, వాడిదే మొదటి దమ్ము. వాడు కళ్ళు మూసుకుని పీల్చి, అబ్బ అక్కా, నీ చేతులు సల్లగుండ అని ముత్యవ్వకు దండం పెడతాడు, చూడని మనిషికి. వాడు రోజూ దండం పెట్టే ఆ బీడీయే ఇది. టిష్యూ విప్పగానే దారం చూసి గుర్తుపట్టాడు, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేనేం చేశాను? చెట్ల కొసలు చూశాను. ఆ క్షణంలో వాడి మొహంలో కోపం లేదు. ఉండుంటే ఎంత బాగుండేది.

ఆరు. అబూ ఫహద్ లేచి చేతులు కడుక్కున్నాడు. మొదటి ఖర్జూరం ఆయనే ప్రతివాడి చేతిలో పెడతాడు, ఇది ఆయన తండ్రి నాటినుంచి ఈ తోటలో ఉన్న రివాజు, కూలివాడైనా కొడుకైనా ఒకటే వరస, ఎడమనుంచి కుడికి. పళ్ళెం పట్టుకుని ఒక మిస్రీ చేతిలో పెట్టాడు. రెండోవాడి చేతిలో పెట్టాడు. చాచా చేతిలో పెట్టాడు. తర్వాత జిలానీ. చెయ్యి చాపి ఉన్నాడు జిలానీ, వేళ్ళు వణుకుతున్నాయి, అది బీడీ వణుకో మరొకటో. అబూ ఫహద్ ఆగాడు. ఆగి, పళ్ళెం వాడి ముందు కింద పెట్టాడు. నువ్వే తీసుకో అన్నట్టు. తిట్టలేదు, కొట్టలేదు, వాడి చేతిలో పెట్టలేదు, అంతే. తల నరికినా ఇంత ఉండదు. జిలానీ చాపిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియక మోకాలు మీద బోర్లించుకున్నాడు.

అబూ ఫహద్ మళ్ళీ పళ్ళెం ఎత్తుకుని నా వైపు వచ్చాడు. నవ్వాడు నన్ను చూసి. అన్నిటికన్నా పెద్ద, మెత్తటి పండు ఏరి నా చేతికి అందించాడు. అది తీసుకుంటే నేనిక మనిషిని కాదు.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు, మజ్జిగ సీసా కాలు తగిలి దొర్లిపోయింది. "జిలానీ, పెద్దాయనకు చెప్పు. ఆ బీడీ నాదని చెప్పు. నేనే తాగిన, పొద్దున ఫోనొచ్చినంక తాగిన. చెప్పురా" అన్నాను. జిలానీ తల ఎత్తలేదు. "ఊరుకోన్నా. కూసో. నమాజు కానీ, మాట్లాడుకుందాం" అన్నాడు నేలకేసి. నా ఎగ్జిట్టు వాడి నోటితో చెప్పలేడు. నాలుగేళ్ళుగా నా ప్రతి మాటా మోసిన నోరు ఈ ఒక్క మాట మొయ్యనంది. అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు ఉన్న అరబ్బీ ఎంత? నీళ్ళు, చెట్టు, తాడు, పొగ, నేను, కాదు, రేపు, తర్వాత. నా రొమ్ముమీద నేనే గట్టిగా కొట్టుకున్నాను. "అనా. దుఖాన్, అనా. జిలానీ లా. జిలానీ సాయిమ్. అనా."

"ఇంత్?" అన్నాడు అబూ ఫహద్. ఇందాక జిలానీతో అన్న మాటే. "అనా" అన్నాను. ఆయన మొహంలో నవ్వు పోవడం చూశాను, ఎక్కడికో పోలేదు, అక్కడే ఆరిపోయింది. నా డబ్బా తీసి చూపించాను, పచ్చదారాలన్నీ వరసగా ఉన్నాయి, ఇంకా పది పన్నెండు. ఆయన ఒకసారి వాటిని చూశాడు, ఒకసారి నన్ను. అప్పుడు మసీదు మైకు గరగరమంది, అల్లాహు అక్బర్ అని బాంగు మొదలైంది.

ఎవరూ నోట్లో పెట్టుకోలేదు. అబూ ఫహద్ వెనక్కి తిరిగి జిలానీ దగ్గరికి పోయాడు. నొప్పి కాళ్ళతో మోకాళ్ళమీద వంగాడు, వాడి టోపీ సవరించి, నుదుటికి పైన, తలమీద ముద్దు పెట్టుకున్నాడు. ఇక్కడ పెద్దవాళ్ళకు చిన్నవాళ్ళు పెట్టే ముద్దు అది, తప్పయిపోయింది అనడానికి పెట్టేది. కఫీలు డ్రైవరుకు పెట్టగా నేను చూడలేదు, చాచా కూడా చూసి ఉండడు, తస్బీ ఆపేశాడు. ఖర్జూరం వాడి చేతిలో కాదు, వాడి నోట్లోనే పెట్టాడు. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చాడు. ఇందాకటి పండే, నా అరచేతిలో పెట్టాడు, రివాజు తప్పలేదు, కానీ కళ్ళెత్తి చూడలేదు. "బుక్రా" అన్నాడు. రేపు. రేపు ఎగ్జిటో, రేపు చెట్టో, అడిగే మొహం లేదు నాకు.

జిలానీ గుటకలు గుటకలుగా నీళ్ళు తాగాడు, మూతి తుడుచుకున్నాడు, ఇప్పుడు చూశాడు నా వైపు. కళ్ళనిండా నీళ్ళు, నవ్వో ఏడుపో తెలియని మొహం.

"యాభై నిమిషాలన్నా" అన్నాడు. "నేను కాసుకోని కూర్చునింది బాంగు కోసరం కాదు."

పండు నా నోట్లోనే ఉంది. మింగడం చేతకాలేదు.